ఇద్దరు గవాహ్‌లు చాలరట!

మా నికాకు కావాల్సినవి ఎన్నో లేవు. అడగడం, ఒప్పుకోవడం, ఇద్దరు గవాహ్‌లు, మెహర్. వకీలూ గవాహ్‌లూ జనానాలోకి వెళ్లి పిల్లను అడుగుతారు. పిల్ల తల వంచుకుని ఖుబూల్ అంటుంది. ఇవతల మర్దానాలో పిల్లవాడు ఖుబూల్ అంటాడు. ఖాజీ ఖుత్బా చదివి సియాహాలో రాస్తాడు. ఖర్జూరాలు పంచుతారు. అయిపోయింది. ఈపాటి సాక్ష్యంతోనే మా తాతలూ ముత్తాతలూ కాపురాలు చేశారు, పిల్లల్ని కన్నారు, పోట్లాడుకున్నారు, ఖబరస్తాన్‌లో ఒకరి పక్కన ఒకరు పడుకున్నారు. మీది నిజమైన పెళ్లేనా అని వాళ్లనెవరూ అడగలేదు.

మమ్మల్ని అడుగుతున్నారు. పిల్లవాడు అమెరికా పౌరుడై ఉండి, హైదరాబాద్‌లోనో కర్నూల్లోనో గుంటూర్లోనో నికా చేసుకుని భార్యను తీసుకుపోదామనుకుంటే ఆ పెళ్లి నిజమైనదని రుజువు చెయ్యాలి. నికా జరిగిందని చూపిస్తే చాలదు. ఆ ముక్క నికానామా చెబుతుంది. నికా ‘నిజమైనదని’ వేరే రుజువు కావాలి. కాగితం కోసం కట్టుకున్నది కాదు, కాపురం కోసమే కట్టుకున్నదని నమ్మించాలి. అక్కడితో తీరదు. పెళ్లయి రెండేళ్లు నిండకముందే కార్డు చేతికొస్తే అది రెండేళ్ల కార్డే. గడువు తీరే ముందు తొంభై రోజుల్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ సంతకాలు పెట్టి, ఐ-751 అనే ఫారం నింపి, ఈ రెండేళ్లూ కాపురం చేశామని మళ్లీ రుజువులు కుప్ప పొయ్యాలి. అప్పుడుగానీ శాశ్వత నివాసం శాశ్వతం కాదు.

మేం ఉర్దూలోనూ తెలుగులోనూ రాసుకుని బతికేవాళ్లం. ఇంగ్లీషు కూడా పని జరిగేపాటి వచ్చు. అందుకని బస్తీలో ఎవరింటికి ఈ గొడవ వచ్చినా ఫైలు పట్టుకుని మా గడప తొక్కుతారు. నికానామాను ఇంగ్లీషులోకి పూర్తిగా మార్చాలి, ఏ ముక్కా వదలకూడదు, తర్జుమా చేసినవాడు తనకు రెండు భాషలూ వచ్చునని రాసి సంతకం పెట్టాలి. ఇదీ వాళ్ల రూలు. హైదరాబాద్ నికానామాల్లో మెహర్ దగ్గర ‘సిక్కా రాయిజుల్ వక్త్’ అని ఉంటుంది. ఈనాడు చెల్లుబడిలో ఉన్న నాణెం అని అర్థం. కొన్నింట్లో దాని పక్కనే రెండు ఎర్ర దీనార్లు. అమెరికా ఆఫీసరుకు ఎర్ర దీనారంటే ఏమని చెప్పాలి? ఇంకా ‘ముఅజ్జల్’, ‘మువజ్జల్’ అని రెండు మాటలున్నాయి. ఒకటి అప్పటికప్పుడు ఇచ్చే మెహర్. రెండోది తర్వాత ఇస్తాననే మెహర్. ఉర్దూ రాతలో ఒక్క అక్షరమే తేడా. ఈ రెండో మాట సంగతి మళ్లీ చెబుతాం.

గుంటూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చేవాళ్ల తంటా ఇంకోరకం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నికానామా ఉర్దూలో. తమ పెళ్లి కాగితాన్ని తాము చదువుకోలేరు. దూదేకుల ఇంటి నుంచి వచ్చిన ఒకతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “అన్నా, ఇందులో మా ఆవిడ పేరు ఎక్కడుంది?” అని అడిగాడు. వేలు పెట్టి చూపించాం. ఖాజీ సాబ్ ఆ పేరు కూడా తప్పే రాశాడు. పాస్‌పోర్టులో ఒక పేరు, సియాహాలో మరో పేరు. ఒక్క చుక్క తేడాకు ఫైలు వెనక్కి రావచ్చు. ఇక మాకు ఇంటిపేర్లు లేకపోవడం ఉండనే ఉంది. పాస్‌పోర్టులో ఒకటే పేరున్నవాళ్లకు అమెరికా వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ అని కొడతారు. అసలు పేరు తెలియదు అని దాని తాత్పర్యం. అమ్మీ అబ్బా పెట్టి, చెవిలో అజాన్ చదివి పిలిచిన పేరు కళ్లముందే ఉంటే, తెలియదట!

సరే, రుజువుల జాబితా చూడండి. అమెరికా నిబంధనల్లోనే రాసి ఉంది. ఇద్దరి పేరా ఉన్న ఆస్తి. ఇద్దరి పేరా ఉన్న ఇంటి అద్దె ఒప్పందం. ఇద్దరి డబ్బూ కలిసిన బ్యాంకు ఖాతా. పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు. వీళ్లు నిజంగా భార్యాభర్తలేనని తెలిసినవాళ్లు ఇచ్చే ప్రమాణ పత్రాలు. ఇవికాక ఫొటోలు, ఫోను బిల్లులు, ఉత్తరాలు, ఇన్సూరెన్సులో నామినీగా ఎవరి పేరుందో ఆ కాగితం.

ఈ జాబితాను మా ఇంట్లోకి తెచ్చి పెట్టండి. షికాగోలో టాక్సీ నడిపేవాడు అన్న ఇంట్లో కింది గదిలో ఉంటాడు. ఆ ఇంటి ఒప్పందం అన్న పేర ఉంటుంది. నెల తిరిగేసరికి డబ్బు అమ్మీకి పోతుంది, ఆమె ఇల్లు నడుపుతుంది. పెళ్లాం పేర ఖాతా తెరవడమనే ఆలోచనే ఆ ఇంట్లో ఎవరికీ రాదు. వడ్డీ హరామని ఖాతా జోలికే పోనివాళ్లున్నారు. ఇన్సూరెన్సంటే లెంపలు వేసుకునేవాళ్లున్నారు. ఇక ఫొటోలు! దీన్‌దార్ ఇళ్లలో ఫొటోయే తియ్యరు. తీసినా జనానావి వేరు, మర్దానావి వేరు. జల్వా వేళ అద్దంలో ఒకరి మొహం ఒకరు చూసుకునేదాకా వాళ్లిద్దరూ ఒక్కచోట కూచోరు. హనీమూన్ ఫొటో ఉందంటే అందులో ఆమె నఖాబ్‌లో ఉంటుంది. ఆ బురఖాలో ఉన్నది ఈమేనని రుజువేమిటి? పోనీ పేరు కలుస్తుందా? మా దగ్గర ఆడపిల్ల నికా తర్వాత కూడా తండ్రి పేరుతోనే ఉంటుంది. అది మా మతం ఆమెకిచ్చిన మర్యాద. అక్కడి కళ్లకు మాత్రం రెండు వేరు వేరు ఇంటిపేర్లు, ఒకింటి మనుషుల్లా లేరు.

ఇంటర్వ్యూలో అడుగుతారు. మొదట ఎక్కడ కలుసుకున్నారు? ఎన్నాళ్లు కలిసి తిరిగారు? పెళ్లి చేసుకుందామని ఎవరు ముందన్నారు? మా పిల్లలు ఏం చెప్పాలి? మషాతా పయామ్ తెచ్చింది. వాళ్ల ఖాలా వచ్చి చూసింది. రిష్తా నచ్చింది. సాంచఖ్ రోజు దాకా ఫొటో తప్ప మనిషిని చూడలేదు. ఇది నిజం. నిజం చెబితే అనుమానం పుడుతుంది. అబద్ధమాడి ఏ షాదీఖానాలోనో చూసి మనసు పడ్డామని ప్రేమకథ అల్లితే నమ్ముతారేమో. అనుమానం బాగా ముదిరితే ఇద్దర్నీ వేరు వేరు గదుల్లో కూచోబెట్టి అవే ప్రశ్నలు అడిగి జవాబులు పోల్చి చూస్తారు. మంచానికి ఏ వైపు ఎవరు పడుకుంటారు, పొద్దున ముందు ఎవరు లేస్తారు, అత్తగారికి ఏం జబ్బు. అత్తగారి జబ్బు మా కోడళ్లకు తెలియకుండా ఉంటుందా! అది తెలిసేది కోడలికే. కొడుకుకే తెలియదు. జవాబు తప్పేది అక్కడ.

టెలిఫోన్ నికాల సంగతి చెప్పనే వద్దు. గల్ఫ్‌లో, అమెరికాలో సెలవు దొరకని పిల్లలకు ఫోన్లోనే నికాలు చదివించేశారు మనవాళ్లు. అమెరికా 1952 చట్టం ప్రకారం ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు లేని పెళ్లి, ఆ తర్వాత వాళ్లు భార్యాభర్తలుగా కలిస్తే తప్ప, పెళ్లి కింద లెక్కకు రాదు. కెనడా 2015లో ఫోన్ నికాలను, ఇంటర్నెట్ నికాలను వలస లెక్కల్లోంచి తీసిపారేసింది. అమెరికా షరతు తీరాలంటే ఏం చూపించాలో ఆలోచించండి. ఇద్దరి పాస్‌పోర్టుల మీద ముద్రలు, హోటల్ గది బిల్లులు. బేటీ, నీ మొగుడితో ఏ రోజుల్లో ఒకే గదిలో ఉన్నావో ఆ బిల్లు తీసుకురా అని ఒక తండ్రి కూతుర్ని అడగాలి. ఆ బిల్లును మాలాంటి పరాయి మగవాడి చేతుల్లో పెట్టి ఫైల్లో వరసగా కుట్టించాలి. ఆ తండ్రి మా ఎదుట కూచుని గోడ వైపు చూస్తూ ఉండిపోవడం మేం చూశాం.

అందుకే అంటున్నాం. వాళ్లు అడుగుతున్నది మీది నిజమైన కాపురమా అని కాదు, మీది మా కాపురంలా ఉందా అని. ఈ మాట వాళ్ల కోర్టుకూ తెలుసు. 1975లో ‘బార్క్’ కేసులో అక్కడి అప్పీళ్ల కోర్టు స్పష్టంగానే చెప్పింది. పెళ్లినాడు కలిసి బతకాలనే ఉద్దేశం ఉందా లేదా అన్నదే చూడాలి, పౌరుల పెళ్లిళ్లకంటే విదేశీయుల పెళ్లిళ్లు ఎక్కువ పద్ధతిగా, ఎక్కువ సఫలంగా ఉండాలని పట్టుబట్టకూడదని. బంగారంలాంటి తీర్పు. కాని కిటికీ అవతల కూచున్న ఆఫీసరు చేతిలో ఉండేది తీర్పు కాదు, జాబితా.

ఈ అనుమానం మాతో మొదలైంది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలండ్‌లో 1910 నుంచి 1940 దాకా చైనా నుంచి వచ్చిన భార్యల్నీ బిడ్డల్నీ నిర్బంధించి, మీ ఊళ్లో మీ ఇంటికి ఎన్ని మెట్లు, బావి ఎటువైపు, పక్కింట్లో ఎవరని వందల ప్రశ్నలు వేశారు. 1979లో లండన్ హీత్రూ విమానాశ్రయంలో, పెళ్లి చేసుకోవడానికి వచ్చిన ఒక భారతీయ టీచరమ్మకు కన్యాత్వ పరీక్ష చేశారు. ఆమెకు 35 ఏళ్లు. పెళ్లికూతురైతే కన్యగా ఉండాలట, కాకపోతే అబద్ధమాడుతున్నట్టట! ఆమె ఒక్కతే కాదు. కనీసం 80 మంది ఆడవాళ్లకు ఇలా జరిగిందని 2011లో పాత ప్రభుత్వ కాగితాలు చూసిన పరిశోధకులు బయటపెట్టారు. అదే బ్రిటన్ 1997 దాకా ఇంకో రూలు నడిపింది. నీ పెళ్లి నిజమైనదే కావచ్చు, కాని బ్రిటన్ రావడమే దాని ముఖ్యోద్దేశం కాదని నువ్వే రుజువు చెయ్యాలి. లేనిదాన్ని లేదని రుజువు చెయ్యమనడం! ఆ రూలు కింద నలిగిపోయింది ఎక్కువగా మన ఉపఖండం వాళ్లే. ఇక అమెరికా రెండేళ్ల కార్డు 1986 చట్టంతో వచ్చింది. అప్పుడు ఇమిగ్రేషన్ శాఖ పార్లమెంటు ముందుకు వెళ్లి, ఇలాంటి పెళ్లిళ్లలో నూటికి ముప్ఫై దొంగ పెళ్లిళ్లని చెప్పింది. ఆ లెక్క నిలిచేది కాదని తర్వాత తేలింది. లెక్క పోయింది, చట్టం ఉంది.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. వేశారు కూడా. ఇది వీసాల గొడవ కదా, రెడ్డిగారబ్బాయికీ చౌదరిగారమ్మాయికీ ఇదే ఫారం, ఇవే ప్రశ్నలు, ఇందులో ముస్లిం అస్తిత్వం ఎక్కడుంది అని. ఫారం ఒకటేనని ఒప్పుకుంటాం. పెద్దలు కుదిర్చిన పెళ్లి వాళ్లదీ, ఆ ప్రశ్న వాళ్లకూ ఇబ్బందే. కాని వాళ్ల పెళ్లి వెయ్యిమంది ఎదుట, వేదిక మీద, దీపాల వెలుగులో జరుగుతుంది. మోయలేనంత బరువు ఆల్బం, మూడు గంటల వీడియో ఉంటాయి. వాళ్ల ఇంటి ముచ్చట అదే వాళ్ల రుజువు. మా ఇంటి మర్యాద మాకు రుజువు లేకుండా చేస్తుంది. పైగా వాళ్లకు పెళ్లి రుజువైతే కథ కంచికి. మాకు అక్కడ రెండో కథ మొదలవుతుంది.

ఫౌజియా దిన్ సంగతి వినండి. అమెరికా పౌరురాలు. మొగుడు అఫ్ఘానిస్థాన్‌లో ఉన్నాడు, తాలిబాన్ల కాలంలో ప్రభుత్వంలో చిన్న గుమాస్తా. పెళ్లి నిజమైనదని ఇమిగ్రేషన్ శాఖే ఒప్పుకుని ఆమె దరఖాస్తును మంజూరు చేసింది. అయినా వీసా ఇవ్వలేదు. ఉగ్రవాదానికి సంబంధించిన సెక్షన్ పేరు చెప్పారు, కారణం చెప్పలేదు. 2015లో సుప్రీంకోర్టులో ఆమె ఓడిపోయింది. మొగుడితో ఇక్కడే కాపురం చేసే హక్కు రాజ్యాంగంలో లేదని అప్పుడు ముగ్గురు జడ్జిలన్నారు. 2024లో మున్యోజ్ కేసులో అదే మాట మెజారిటీ తీర్పయింది. ఆ కేసు ముస్లింలది కాదు, సాల్వడార్ మనిషిది. మా మీద పదును పెట్టిన కత్తి మరొకరి మెడ మీదికి వెళ్లిందన్నమాట. 2017లో వచ్చిన ముస్లిం నిషేధం 2021 దాకా నడిచింది. యెమెన్, సిరియా, ఇరాన్, సొమాలియా భార్యాభర్తలు ఎన్ని ఫొటోలు పెట్టుకున్నా, ఎన్ని ఖాతాలు కలిపినా ఏం లాభం? పౌరసత్వమున్న దేశమే అడ్డం.

అమెరికా దాకా ఎందుకు? మన దేశంలోనే అస్సాంలో ఏం జరిగింది? పెళ్లయి ఊరు మారిన ఆడది, నేను ఫలానా తండ్రి కూతుర్ని, పెళ్లయి ఈ ఊరొచ్చానని పంచాయతీ కార్యదర్శి దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకుని పౌర జాబితాకు దరఖాస్తు పెట్టుకుంది. అలాంటి దరఖాస్తులు సుమారు 48 లక్షలు. 2017 ఫిబ్రవరిలో గౌహతి హైకోర్టు ఆ కాగితం చెల్లదంది. డిసెంబరులో సుప్రీంకోర్టు, సరిచూసి, ఇతర రుజువులతో కలిపి తీసుకోవచ్చంది. మధ్యలో ఆ తొమ్మిది నెలలు వాళ్ల గుండెలెలా కొట్టుకున్నాయో! వాళ్లలో హిందూ ఆడవాళ్లూ ఉన్నారు. చదువులేని, స్కూలు సర్టిఫికెట్ లేని, పొలం పేర లేని ఆడదానికి పెళ్లే పౌరసత్వానికి అడ్డుగోడ కావడం ఎక్కడైనా ఒక్కటే.

ఇప్పుడు మా ఇంట్లోకి వద్దాం. మా మతపెద్దలకు కోపమొస్తుంది, రానీ.

పైన చెప్పిన జాబితాను ఇంకోసారి చదవండి. ఈసారి ఆఫీసరు కళ్లతో కాదు, మన ఇంటి కోడలి కళ్లతో. ఆస్తిలో ఆమె పేరు. అద్దె ఒప్పందంలో ఆమె పేరు. బ్యాంకు ఖాతాలో ఆమె పేరు. నామినీగా ఆమె పేరు. ఇవన్నీ మనం ఆమెకు ఇవ్వనివే కదా! వాళ్లు మన సంస్కృతి తెలియక అడుగుతున్నారని సగం దాకా నిజంగానే అనవచ్చు. మిగతా సగం సంస్కృతి కాదు, ఆమె చేతికి ఏదీ దక్కనివ్వని మన అలవాటు. బురఖా ఫొటో గురించి మనం ఎంత గట్టిగా వాదిస్తామో, ఖాతా గురించి అంత గట్టిగా వాదించలేం.

దీని ఫలితం అనుభవించేది ఆమే. రెండేళ్ల కార్డు మీద పోయిన పిల్లకు ఆ ఐ-751 మీద మొగుడి సంతకం కావాలి. ఆ సంతకం అతని చేతిలో కొరడా. గట్టిగా మాట్లాడితే సంతకం పెట్టను. అమ్మీకి ఎదురు చెబితే సంతకం పెట్టను. కొడితే పోలీసులకు చెప్పావో, విమానమెక్కిస్తాను. అక్కడి చట్టం దీన్ని చూడకపోలేదు. హింస పడుతున్న భార్య మొగుడి సంతకం లేకుండానే దరఖాస్తు పెట్టుకోవచ్చని 1990లో దారి తెరిచింది, 1994 చట్టంతో ఆ దారిని వెడల్పు చేసింది. కాని ఆ దారిన పోవాలన్నా ఆమె మొదట చూపించాల్సింది తన పెళ్లి నిజమైనదనే. దానికి రుజువులు? ఖాతా అతని పేర, ఇల్లు అతని అన్న పేర, నికానామా అత్తగారి బీరువాలో. బస్తీ నుంచి వెళ్లిన ఒక చెల్లెలు అక్కణ్ణుంచి ఫోన్ చేసి, “భాయ్, నా నికానామా నకలు ఎక్కడ దొరుకుతుంది? వాళ్లివ్వరు” అంది. హైదరాబాద్‌లో నికా కనక వక్ఫ్ బోర్డులో ఖాజీల రికార్డు నుంచి సర్టిఫికెట్ తీయించగలిగాం. ఖాజీ సియాహా పంపకుండా తన ఇంట్లోనే పెట్టుకుని ఉంటే అదీ లేదు. అలా పెట్టుకునే ఖాజీలున్నారు.

ఇద్దరు గవాహ్‌లు చాలని మురిసిపోయేవాళ్లకు ఇంకొకటి గుర్తుచెయ్యాలి. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే విమానంలో పదేళ్ల పిల్ల ఏడుస్తుంటే ఒక ఎయిర్‌హోస్టెస్ చూసి ఆపింది. పక్కన కూచున్న అరవయ్యేళ్ల సౌదీ షేక్ ఆమె తన భార్య అన్నాడు, నికా అయిందన్నాడు. ఖుబూల్ అనిపించడమూ, ఖుత్బా చదవడమూ పాతబస్తీలో ఎంత సులువో అప్పుడు దేశమంతా చూసింది. పెళ్లి కాగితం సక్రమంగా ఉండడం వేరు, పెళ్లి నిజమైనది కావడం వేరని మా పిల్లే నిరూపించాల్సి వచ్చింది. ఆ ప్రశ్న అడిగే హక్కు అమెరికా ఆఫీసరు కంటే ముందు మా ఖాజీది, మా గవాహ్‌లది. వాళ్లు అడగలేదు.

ఆ ‘మువజ్జల్’ సంగతి చెబుతామన్నాం. మా చేతుల మీదుగా పోయిన నికానామాల్లో మెహర్ దగ్గర చాలావాటిలో ఆ మాటే ఉంది. తర్వాత ఇస్తాం. ఆ తర్వాత ఎప్పుడంటే తలాఖ్ నాడు, లేకపోతే మయ్యత్ దగ్గర మాఫ్ చెయ్యమని అడిగే నాడు. అల్లా పేర, గవాహ్‌ల ఎదుట రాసిన అప్పు అది. దాన్ని నికా నాడే ఆమె పేర ఖాతా తెరిచి అందులో వేస్తే, ఆ బ్యాంకు రశీదు కంటే మంచి రుజువు ఏ దేశానికైనా ఏం కావాలి? ఒక్క రశీదుతో షరియత్ నిలుస్తుంది, ఆఫీసరు నోరు మూతపడుతుంది, పిల్ల చేతిలో నాలుగు డబ్బులుంటాయి. ఇది చెయ్యడానికి అమెరికా చట్టం మారనక్కర్లేదు.

అమెరికాను వదిలేస్తామని కాదు. మా పెళ్లిళ్లను మా తీరులోనే చూడమని, ఫొటో లేదని, ఇంటిపేరు కలవలేదని, ప్రేమకథ లేదని మా కాపురాలను దొంగ కాపురాలనొద్దని అడుగుతూనే ఉంటాం. అక్కడున్న మా వాళ్ల తరఫున లాయర్లు వాదించాలి, సెక్యులర్ మిత్రులు గొంతు కలపాలి. దాంతోపాటే ఇక్కడ షాదీఖానాల్లో మూడు సంగతులు అడగడం మొదలుపెట్టాలి. నికానామా ఉర్దూతోపాటు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయాలి, పాస్‌పోర్టులో ఉన్న పేరే రాయాలి. దుల్హన్ నకలు దుల్హన్ చేతికే ఇవ్వాలి, మామగారికి కాదు. మెహర్ ఆ రోజే ఆమె ఖాతాలో పడాలి. ఖాజీ సాబ్‌లు చాలామంది ఇదంతా మా పని కాదంటారని మాకు తెలుసు. కాదన్న ఖాజీ దగ్గర నికా చదివించకండి. నికాకు ఖాజీ ఉండి తీరాలని 1880 నాటి ఖాజీల చట్టం కూడా అనలేదు. చదువుకున్న ఏ ముసల్మానైనా ఖుత్బా చదవవచ్చు. రాసిన కాగితాన్ని మాత్రం మర్నాడే రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లండి. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి.